కనికట్టు కత్తియు, వీరభక్తుని నారసమును
(దేహభేదన ప్రదర్శనములందలి పరికరములు - అనంతపురపు మెట్టసీమ దృష్టితో)

తెలుగునాట గారడివాని విద్యను గూర్చి వ్రాసినవారు అతని మాటల చాతుర్యమును, డప్పు వరుసను, గుంపును కూడగట్టు నేర్పును వర్ణించినంతగా అతని సంచిలోని వస్తువులను వర్ణించి యుండలేదు. మన జానపద విజ్ఞాన పరిశోధనము పాటతోను మాటతోను ప్రారంభమైనది గావున ఇది సహజమే. కాని చేతిలో కత్తి దిగినట్లును, నాలుకయందు శూలము దూరినట్లును, గంపలో కూర్చున్న బాలుని దేహమున ఖడ్గములు చొచ్చినట్లును చూపు ఆటలలో మాటకంటె వస్తువే ప్రధానము. మాట తప్పినచో జనులు నవ్వి ఊరకుందురు. వస్తువు తప్పినచో ప్రాణమే పోవచ్చును. అట్టి వస్తువులను ఎట్లెన్నుకొందురు, ఎట్లు కాపాడుకొందురు, అందుండి తెలుగు పరిశోధకుడు గ్రహింపవలసిన దేమి అను విషయములను ఈ వ్యాసమున మేము విచారింపదలచితిమి.

మొదటనే మా అభిప్రాయమును చెప్పుట మేలు. ఈ ప్రదర్శనములలో రెండు జాతుల పరికరములు కలవు. ఒకటి దేహమున దిగకయే దిగినట్లు తోచునది. రెండవది నిజముగా దిగునది. మొదటిదానిని కనికట్టు పరికరమనియు, రెండవదానిని సాధన పరికరమనియు ఈ వ్యాసమున వ్యవహరింతుము. దూరమునుండి చూచువానికి రెండును ఒక్కటే. పరిశోధకునికి మాత్రము ఒక్కటి కారాదు. ఏలయన ఈ రెంటి ఎంపికకును రక్షణకును గల నియమములు పరస్పర విరుద్ధములు. మొద్దుగా నుండుట మొదటిదానికి గుణము, రెండవదానికి దోషము. మొదటిది పదిమంది చేతులు మారినను కీడు లేదు. రెండవది ఒక్కని దేహమునుండి వేఱొకని దేహమునకు పోరాదు. ఈ భేదమును మఱచి వ్రాసిన వర్ణన అసంపూర్ణమే కాక అపాయకరము కూడ.

పదములు చెప్పు సాక్ష్యము

ఈ భేదము మన భాషకు క్రొత్త కాదు. కన్నును కట్టివేయునది గావున కనికట్టు. పేరులోనే కార్యము జరుగు చోటు చెప్పబడినది; అది ప్రదర్శకుని దేహము కాదు, చూపరి కన్ను. గారడి యను మాట పాముల విషమును దింపు గారుడ విద్యనుండి వచ్చి, క్రమముగా చేతివాటపు విద్యల కన్నింటికిని పేరైనది. ఇంద్రజాలము సంస్కృత పదమే యైనను తెలుగు కావ్యములందును పల్లెలందును సమానముగా చెల్లుచున్నది.

రెండవ జాతికి చెందిన పదములు వేఱు. నారసమనునది నారాచ శబ్దభవము. ఇనుప బాణమని మొదటి అర్థము. బాణము యుద్ధభూమిని విడిచి భక్తుని దవడకును నాలుకకును వచ్చినను పేరు మాత్రము మారలేదు. వీరముష్టివారికి నెత్తికోతలవారను నామాంతరము కలదు. మొండివారు తమ దేహమును తామే గాయపఱచుకొని భిక్షమెత్తు నలవాటుచే ప్రసిద్ధులైరి. 1909లో వెలువడిన ఎడ్గార్ థర్స్టన్, రంగాచార్యుల దక్షిణదేశ కులముల గ్రంథమున వీరి వృత్తాంతము కలదు. ఈ పేర్లలో కన్నును కట్టుటను గూర్చిన సూచన యేమియు లేదు. కోత, మొండితనము, ముష్టి - ఇవి నిజముగా జరుగు పనుల పేర్లు. తెలంగాణమున పద్మశాలీలను ఆశ్రయించి జీవించు సాధనాశూరుల పేరు ఈ రెంటికి నడుమ నిలిచినట్లు తోచును. వారు చూపునది చాలవఱకు గారడియే. ఐనను పేరులో నున్నవి సాధనయు శూరత్వమును. కనికట్టు సయితము సాధన లేనిదే రాదను సత్యమును ఆ పేరు చెప్పుచున్నది.

కావ్యములందలి రెండు మార్గములు

సాహిత్యమున కూడ ఈ రెండు మార్గములు విడివిడిగా కానవచ్చును. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యమున, కత్తియు డాలును ధరించి దారమును పట్టుకొని ఆకాశమున కెక్కు మాయావిని దృష్టాంతముగా గైకొని, ఎక్కుచున్నట్లు కనిపించువాడు వేఱు, నేలమీద నిలిచియున్న నిజమైన మాయావి వేఱు అని వివరించిరి. 15వ శతాబ్దమునకు చెందిన కొఱవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికలో ఇట్టి విద్య నెత్తురుతో కూడిన కథయైనది. ఐంద్రజాలికుడు తన స్త్రీని రాజు రక్షణమున నుంచి ఆకసమున జరుగు యుద్ధమునకు పోవును. పిదప అతని అవయవములు ఒక్కొక్కటిగా నేలబడును. ఆమె అగ్నిప్రవేశము చేయును. అంతట వాడే చెక్కుచెదరక వచ్చి తన స్త్రీని అడుగును. ఇది పూర్ణముగా కనికట్టు మార్గము. దేహము తెగినట్లు చూపుటయు, మరల అతికినట్లు చూపుటయు రెండును ఇందు ఉండవలెను. తెగినది తిరిగి అతుకకున్నచో అది ఇంద్రజాలము కానేరదు.

క్రీడాభిరామము చూపునది రెండవ మార్గము. ఓరుగంటిలో మైలారదేవుని వీరభటులు నిప్పులలో చొచ్చుట, కొక్కెములు గ్రుచ్చుకొని ఊయెలలూగుట మున్నగు సాహసములు అందు వర్ణితములు. ఇట అతికించుట లేదు, గాయము గాయమే. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రమున శ్రీశైల యాత్రికుల ఘోరభక్తి వర్ణనములును ఇట్టివే. శ్రీశైలమున అనవేమారెడ్డి 14వ శతాబ్దమున కట్టించిన వీరశిరోమండపము ఈ ఆచారమునకు రాతి సాక్ష్యము. 16వ శతాబ్దమున విజయనగర రాజ్యమును చూచిన పోర్చుగీసు వ్రాతకాడు బార్బోసా కొక్కెములకు వ్రేలాడు సిడి మ్రొక్కును వర్ణించెను. ఆ కాలపు శాసనములందే విప్రవినోదులను గారడి విద్యావంతులైన బ్రాహ్మణుల పేరును కానవచ్చును. అనగా ఒకే రాజ్యమున, ఒకే శతాబ్దమున రెండు మార్గములును ప్రక్కప్రక్కనే నడచినవి.

మెట్టసీమ

అనంతపురము ఈ రెండు మార్గములు కలిసికొను చోటు. 2022 ఏప్రిలు 4న జిల్లా రెండుగా విడిపోగా లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఐనను సంస్కృతి దృష్ట్యా ఈ సీమ ఒక్కటే. లేపాక్షిలో 16వ శతాబ్దపు వీరభద్రాలయము కలదు. పడమట కన్నడదేశము, ఆ దేశపు వీరగాసె నర్తకులు. ఈ ప్రక్క మైలారుని కొలుచు గొరవయ్యలు. వీరభద్రుని కొలుచు చోట్ల నారసములు ధరించు ఆచారము కలదు. మఱియొక ప్రక్క ఊరూర తిరుగు గారడివారు, దొమ్మరులు, కాటిపాపలవారు.

ఈ సీమకు నైరృతి ఋతుపవనము పడమటి కనుమలను దాటి బలము తగ్గి వచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరమున కురిసి మిగిలిన కొంచెముతో వచ్చును. సాలీన సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుసెనగ పంట ఇల్లు చేరిన పిదప పల్లెలలో తీరిక. శివరాత్రి మొదలు ఉగాది దాటువఱకు జాతరలు. కావున ఈ ఆటలు ఎక్కువగా సాగునది ఏడాదిలో మిక్కిలి పొడిగా నుండు నెలలలో. పరికరముల రక్షణను గూర్చి చెప్పునపుడు ఈ విషయమును మఱువరాదు.

లేపాక్షి ఆలయపు గోడపై రెండు ఎఱ్ఱని మచ్చలను చూపి, కోశాధికారియైన విరూపణ్ణ తన కన్నులను తానే పెఱికి గోడకు విసరిన గుర్తులని స్థలకథ చెప్పుదురు. ఆ కథ సత్యమా కాదా యను చర్చ మాకిచట అక్కఱలేదు. ఎఱ్ఱని మచ్చ కనబడి, దానికొక కథ తోడైనంతనే, చూపరి మనస్సు తక్కిన రక్తమును తానే పూరించుకొనును. కనికట్టు విద్యకు ఇదియే మూలధనము.

కనికట్టు పరికరముల ఎంపిక

ఇచట మేము చెప్పు రహస్యములు క్రొత్తవి కావు. 1584లో ఇంగ్లండున రెజినాల్డ్ స్కాట్ ప్రకటించిన గ్రంథముననే నాలుకయందును, తలయందును, పొట్టయందును ఆయుధములను దించినట్లు చూపు పద్ధతులు వివరింపబడినవి. మన దేశమున హేతువాది ప్రేమానంద్ (1930-2009) తన ఉపన్యాసములందును గ్రంథములందును వీనిని బహిరంగపఱచెను. ఒకరి పొట్టకూటి విద్యను క్రొత్తగా బయటపెట్టుట మా ఉద్దేశము కాదు.

చేతి కత్తి మొదటిది. దీని అలుగు నడుమ అర్ధచంద్రాకారముగా కొంత భాగము తొలగింపబడి యుండును. ఆ సందు ముంజేతిని కౌగిలించుకొనును. చుట్టు గుడ్డయో, ఎఱ్ఱని తడియో సందును మరుగుపఱచును. దీనిని ఎన్నుకొనునపుడు చూడవలసినది సందు కొలత. సందు చేతికంటె వదులైనచో కత్తి ఊగి గుట్టు బయటపడును. బిగువైనచో కోసిన అంచులు చర్మమును ఒరయును. సందు అంచులను ఆకురాతితో గుండ్రముగా రుద్దియుండవలెను. కత్తి మొన వాడిగా కనబడవచ్చును గాని అంచు పదునుగా నుండరాదు. ఒకని చేతికి చేసిన కత్తి వేఱొకనికి సరిపడదు. ఎదుగుచున్న పిల్లవాని చేతికి నిరుటి కత్తి ఈ యేడు పనికిరాదు.

నాలుక శూలమును ఇట్టిదే. సన్నని కడ్డీ నడుమ వంపు తిరిగి నాలుక ప్రక్కగా పోవును. ఆ వంపును పెదవులు దాచును. నోటిలో పెట్టుకొనునది గావున దీనికి పూత కూడదు. పెచ్చులుగా లేచు రంగును, చిలుమెక్కు రాగియు ఇత్తడియు నోటికి తగవు. తుప్పు పట్టని ఉక్కు మేలు. అలుగు పిడిలోనికి జారు బాకు మూడవది. దీని ప్రాణమంతయు పిడిలోని బోలులో కలదు. అలుగు ఎట్టి ఒరపిడియు లేక తన బరువుచేతనే జారునంత వదులు ఉండవలెను. మొన గుండ్రముగా నుండవలెను. దొంగ బాకు ఒక్కసారి బిగిసినచో నిజమైన బాకే యగును. ఆ క్షణమున అది ఎదుటివాని ఎదమీద నుండును.

నాలుగవది గంప. నోరు ఇఱుకు, కడుపు వెడల్పు - ఇదియే గంప లక్షణము. బాలుడు లోపలి అంచు వెంబడి ముడుచుకొని నడుమ చోటు ఖాళీ చేయును. ఖడ్గములు ముందుగా ఏర్పఱచుకొన్న వరుసలో, ఏర్పఱచుకొన్న దిక్కున మాత్రమే చొరబడును. పైన కప్పిన కంబళి గంప మెడను, బాలుని కదలికను దాచును. ఇచట పరికరము ఒక్క వస్తువు కాదు. గంప, ఖడ్గములు, వరుస, బాలుని ఒడలి కొలత - ఈ నాలుగును కలిసి ఒక్క పరికరము. వీనిలో ఏ యొక్కటి మారినను తక్కినవానిని మరల సరిచూడవలెను. ఖడ్గముల అంచులు మొద్దు చేసి యుండవలెననుట చెప్పనక్కఱలేదు. బాలుడు చేతితో పట్టి త్రోవ చూపవలసి వచ్చును.

ఎఱ్ఱనీళ్లు

నెత్తురు వలె కనబడునది దాదాపు ప్రతి తెలుగింటను కలదు. దిష్టి తీయుటకు పళ్లెములో పసుపునీటియందు సున్నము కలిపిన మరుక్షణమే అది ఎఱ్ఱనగును. పసుపులోని వర్ణద్రవ్యము క్షారము సోకినపుడు ఎఱ్ఱబడుటయే దీనికి కారణము. కత్తికి ఒకటియు చేతికి మఱొకటియు పూసినచో రెండును తాకినచోటనే ఎఱ్ఱదనము పుట్టును. కాని ఇందొక చిక్కు కలదు. నిమ్మరసము తగిలినచో ఎఱుపు విఱిగి మరల పసుపగును. శూలపు మొనలకు నిమ్మకాయలు గ్రుచ్చు అలవాటు గల ఆటలో ఈ ఎఱ్ఱనీళ్లు పనికిరావు. సున్నము కంటికి మిక్కిలి హానికరము గావున ముఖముపై దీనిని వాడరాదు. ముఖమునకు లత్తుక వంటి రంగులు మేలు.

ఇటీవలి ప్రదర్శకులును, పాఠశాలలలో మూఢనమ్మకములపై ప్రదర్శనములిచ్చువారును వేఱొక పద్ధతి నెఱుగుదురు. ఫెర్రిక్ క్లోరైడు ద్రవమును కత్తికిని, పొటాషియము థయోసయనేటు ద్రవమును చేతికిని పూసి తాకించినచో చిక్కని నెత్తుటి వర్ణము కలుగును. చూచుటకు ఇది పసుపు సున్నములకంటె నమ్మకమైనది. పరికరమునకు మాత్రము శత్రువు. ఫెర్రిక్ క్లోరైడు ఇనుమును తినివేయును. వెంటనే కడిగి తుడువనిచో కొలది ప్రదర్శనములకే అలుగు గుంటలు పడును. నోటియందును, గాయముపైనను దీనిని వాడుట ఎన్నటికిని తగదు.

పొడినేలయందు పరికర రక్షణ

కోస్తావారికి తుప్పు మొదటి శత్రువు. మెట్టసీమలో గాలి పొడి గావున ఇనుము ఎక్కువకాలము నిలుచును. కాని ఆ పొడిదనమే కొయ్యకును వెదురుకును శత్రువు. వేసవిలో కొయ్య ఎండి కుదించుకొనును, పిడి వదులై అలుగు కదలును, పిడి పగులును. గంపలోని వెదురు బద్దలు పెళుసెక్కి విఱిగి, అల్లికలో ఖడ్గము చొచ్చు సందులు స్థానము తప్పును. మాఘమాసమున సరిపోయిన గంప వైశాఖమున సరిపోవునని నమ్మరాదు. గంపను అప్పుడప్పుడు తడిగుడ్డతో తుడిచి నీడన ఆరనిచ్చుట, విఱిగిన బద్దలను ఆటకు ముందే మార్చుట ఆవశ్యకములు. నీరు కొఱవడిన యేటను ఈ పనికి నీరు మిగుల్చుకొనవలెను.

ధూళి రెండవ శత్రువు. జారుడు బాకు పిడిలోనికి సన్నని ఇసుక చేరినచో అలుగు బిగియును. బెల్లపు పాకముతో చేసిన ఎఱ్ఱని ద్రవము అందులోనికి కాఱి ఆరినచో మఱింత కీడు. ప్రతి ఆటకు తరువాత అలుగును తీసి, బోలును కడిగి, ఆరబెట్టి, మరల పెట్టి పదిసార్లు జార్చి చూడవలెను. నూనె విషయమున జాగ్రత్త వలయును. గింజల నూనెలు పెక్కు గాలి తగిలి కాలక్రమమున జిగురెక్కును. అట్టి నూనెను కదలిక లేని కడ్డీకి పూయవచ్చును గాని జారుడు భాగమునకు పూయరాదు. జిగురుతో ధూళి కలిసినచో బంక యగును. తోలు ఒర చూపునకు అందమే. ఐనను తోలు తేమను పట్టియుంచి ఇనుమును చెఱచును గావున ఎక్కువకాలము నిలువయుంచుటకు పొడి నూలుగుడ్డ మేలు.

అన్నింటికంటె ముఖ్యమైన నియమము పరికరములను వేఱువేఱుగా నుంచుట. మొద్దు ఖడ్గమును, కూరగాయలు కోయు కత్తిని, నిజమైన నారసమును ఒకే సంచిలో పెట్టరాదు. వేషములు మారు తొందరలో, చీకటిలో, చేయి తడిమి తీయునది ఏదో చెప్పలేము.

నారసము

ఇక రెండవ జాతి. నారసము దవడను నిజముగా దాటును. అందు వంపు లేదు, మోసము లేదు. ఐనను నెత్తురు మిక్కిలి తక్కువగా వచ్చుటచే భక్తులు దానిని దైవమహిమయనియు, కొందఱు హేతువాదులు కనికట్టనియు చెప్పుదురు. మా పరిశీలనమున రెండు మాటలును పరికరమును చూడక చెప్పినవే. గుండ్రని, నునుపైన, క్రమముగా సన్నగిల్లు మొన దేహతంతువులను కోయక తొలగించుకొని పోవును. తీసిన పిదప సాగెడు కండ మరల మూసికొనును. అంచు గల అలుగైనచో నాళములను కోయును. నాలుక నడిమి గీటున రక్తనాళములు తక్కువ. ఇది దేహనిర్మాణము చెప్పు సమాధానము. ఐనను దవడయందు లాలాజల నాళమును, ముఖపు నరముల శాఖలును కలవు. చోటు తప్పినచో కలుగు కీడు తాత్కాలికము కాకపోవచ్చును. కావున ఇది చూచి నేర్చుకొని అనుకరింపదగిన విద్య కాదు.

ఇచట రక్షణ యనగా వస్తువును కాపాడుట కాదు, ధరించువానిని కాపాడుట. కనికట్టు కత్తికి మేలైన నూనెపూత నారసమునకు కీడు. తుప్పు తనంతట ధనుర్వాతమును కలిగింపదు. ధనుర్వాత క్రిమి బీజములు మట్టియందును పశువుల పేడయందును ఉండును. తుప్పు తిన్న గుంటలలో అవి దాగును. నీటిలో మరగించుట ఆ బీజములను నశింపజేయుటకు చాలదు. ఒత్తిడి గల ఆవిరిలో 121 డిగ్రీల సెల్సియసు వేడిమియందు పావుగంట యుంచు ఆసుపత్రి పద్ధతియే నమ్మదగినది. గాయమున అద్దు విభూతి పేడను కాల్చి చేసినది. కాలిన క్షణమున అది శుద్ధమే కావచ్చును, కాని తెఱచిన సంచిలో పదిమంది చేతులు తగిలిన పిదప ఆ మాట చెప్పరాదు. విభూతి మహిమను మేము విచారింపము. గాయమున చేరునది యేదైనను విచారింపవలసినదే.

ఒకే నారసమును పలువురు భక్తులు వరుసగా ధరించుట అన్నింటికంటె పెద్ద అపాయము. రక్తము ద్వారా ప్రాకు కామెర్లును, హెచ్.ఐ.వి.యు ఇట్టి మార్గమున సంక్రమింపగలవు. ఒక్కొక్కనికి ఒక్కొక్క నారసము, ధనుర్వాతపు టీకా - ఈ రెండును ఆచారమున కేమాత్రము భంగము కలిగింపవు.

మేర చెరిగినపుడు

స్కాట్ తన గ్రంథమున ఒక గారడివాని మరణమును చెప్పెను. అతడు పొట్టకు రక్షణఫలకమును కట్టి, దానిపై దొంగ పొట్టను కట్టి, అందు బాకును దించుకొనువాడు. ఒకనాడు లండనున పానశాలలో త్రాగిన మైకమున ఫలకమును మఱచెను. బాకు నిజముగా దిగినది. అతడు సమీపమందలి చర్చి ఆవరణమునకు పోయి మరణించెను. విద్యలో లోపము లేదు, నిత్యము చేసినదే. ఆటకు ముందు పరికరమును సరిచూచుకొను అలవాటు ఒక్కనాడు తప్పినది.

దీనికి ప్రతిగా డచ్చి దేశీయుడు మిరిన్ దాజో (1912-1948) చూపినది కనికట్టు కాదు. అతని దేహమును సన్నని ఖడ్గము నిజముగా దాటినట్లు 1947లో జూరిచ్ వైద్యులు ఎక్స్‌రే తీసి చూచిరి. మఱుసటి యేడు ఉక్కు సూదిని మ్రింగి, శస్త్రచికిత్స జరిగిన కొలది దినములకే అతడు మరణించెను. సాధన యెంత గొప్పదైనను దేహమునకు మేర కలదు.

మూడవది మన పి.సి. సర్కారు కథ. 1956 ఏప్రిలు 9న బి.బి.సి. టెలివిజనులో ఆయన ఒక యువతిని రంపముతో కోసినట్లు చూపగా, కార్యక్రమము అర్ధాంతరముగా ముగిసినందున ఆమె నిజముగా చనిపోయినదని భయపడి ప్రేక్షకులు అసంఖ్యాకముగా టెలిఫోను చేసిరి. ఆమెకు ఏమియు కాలేదు. గోపరాజు ఐంద్రజాలికుడు తప్పక చేసినది ఇచట జరుగలేదు. తెగినదానిని తిరిగి అతికించి చూపుటకు వ్యవధి చాలలేదు. ఆ చివరి అంకము లేనందున కనికట్టు చూపరి మనస్సులో హత్యగా మిగిలినది.

పరిశోధకుని కర్తవ్యము

అబ్రహాము కోవూరు (1898-1978), ప్రేమానంద్ మొదలైనవారును, మన రాష్ట్రములలో జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలును వంపు శూలములను, సందు కత్తులను సభలలో చూపి మోసగాండ్ర గుట్టు విప్పిరి. ఆ సేవ గొప్పది. ఐనను దానినుండి శూలములన్నియు వంపుగలవే యను భావము పాఱినచో, ఒక విద్యార్థి నిజమైన నారసమును చేతబట్టి ఆటగా భావింపవచ్చును. శూలములన్నియు నిజమైనవే యను నమ్మకము పాఱినచో మోసగాడు బలపడును. ఈ రెండు అపాయములకును మందు ఒక్కటే: ఆ యా పరికరమును చూచి, కొలిచి, దాని జాతిని నిర్ణయించుట.

కావున పరిశోధక విద్యార్థులు పాటను వ్రాసికొన్నచోటనే పరికరమును కూడ వ్రాసికొందురు గాక. దాని పొడవు, బరువు, మొన, అంచు, లోహము. చేసిన కమ్మరి యెవరు. ఆట ముందు దానిని సరిచూచువారెవరు. ఎవరు ముట్టవచ్చును, ఎవరు ముట్టరాదు. ప్రదర్శకుడు దానిని ఏ పేరున పిలుచును - ఈ ప్రశ్నలు మిక్కిలి అవసరము. ఆ పేర్లు నిఘంటువుల కెక్కనివి కావచ్చును. గుట్టును ప్రకటింపవద్దని ప్రదర్శకుడు కోరినచో ఆ కోరికను మన్నింపవలెను. కాని పరికరము ఏ జాతిదో చెప్పక విడువరాదు. గంపలో కూర్చున్నవాడు బాలుడైనచో మఱియొక బాధ్యత కలదు. సర్కసులందు బాలలను వినియోగించుటకు వ్యతిరేకముగా సర్వోన్నత న్యాయస్థానము 2011లో ఆదేశములిచ్చినది. గంపయు వీధిలోని చిన్న సర్కసు వంటిదే. విద్య యొక్క ప్రాచీనత ఆ బాలుని ప్రాణమునకు బదులు కాదు.

పరికరమును మార్చినచో సంప్రదాయము నశించునని భయపడువారికి ఒక నిదర్శనము చూపి ముగింతుము. సిడిమ్రాను ఆచారమున పలుచోట్ల కొక్కెము పోయి నడుమునకు గుడ్డ కట్టు పద్ధతి వచ్చినది. విజయనగరమున పైడితల్లమ్మ సిరిమానోత్సవమున పొడవైన మ్రాను చివర అమర్చిన ఆసనముపై పూజారి కూర్చుండి ఊరేగును. దేహమున కొక్కెము లేదు, నెత్తురు లేదు. జనుల భక్తికి కొఱతయు లేదు. ఆకాశమున తేలు మనుష్యుని చూచి చేతులు జోడించువారు వెనుకటివలెనే జోడించుచున్నారు. మ్రొక్కు నిలిచినది, పరికరము మారినది. ఆ మార్పు ఎచట, ఎప్పుడు, ఎవరిచేత జరిగినదో వ్రాసియుంచుట మన శాఖల పని. అట్లు వ్రాయుటకు ముందు ఆ కొక్కెమును, ఆ కత్తిని, ఆ నారసమును ఒక్కసారి చేతికి తీసికొని చూడవలసియున్నది.